పతకం సరే, మట్టిముంత ఏది? – ఆటల చరిత్ర, మ్యూజియం, కులం

ఆటలో కులం లేదు, మతం లేదు, రంగు లేదు, బాగా ఆడినవాడే గెలుస్తాడు. ఈ మాట బడిలో డ్రిల్లు మాస్టారు చెప్తాడు, పేపర్లలో ఆటల పేజీ చెప్తుంది, కప్పు అందించటానికొచ్చిన మంత్రిగారూ చెప్తాడు. ఆటల మ్యూజియాలు కూడా ఎక్కువగా ఈ మాటనే వస్తువుల రూపంలో చెప్తుంటాయి. ఒక గాజుపెట్టె, అందులో ఒక బ్యాటో పతకమో, కింద చిన్న అట్టముక్క మీద ఆటగాడి పేరు, సంవత్సరం, చేసిన పరుగులు. చూసినవాళ్లు ఆహా అనుకుని పక్క పెట్టె దగ్గరకి పోతారు. ఆ మనిషి మైదానంలోకి ఎట్లా రాగలిగాడు, ఎవర్ని రానివ్వలేదు, ఆట అయిపోయాక ఆయన ఎక్కడ కూచుని తిన్నాడు అన్న ప్రశ్నలకి ఆ పెట్టెలో చోటుండదు.

ఈ ప్రశ్నలకి చోటిచ్చిన ఒక ప్రదర్శనని ఈ వ్యాసంలో వివరిస్తాం. అది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉన్న క్రీడల గ్యాలరీ. నల్లవాళ్ల మ్యూజియం మనకెందుకు అనే ప్రశ్న ఈ పత్రిక పాఠకులకి రాదనుకుంటాం. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరునే బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. వాళ్ల అనుభవాన్ని మన అనుభవం పక్కన పెట్టి చదవటం మనకి కొత్త కాదు. అయితే రాజకీయాల్లో, సాహిత్యంలో చేసినంతగా ఆటల విషయంలో మనం ఆ పని చెయ్యలేదు.

సంకెళ్లు చూశాకే పతకం

ఈ మ్యూజియం ఏర్పాటుకి 2003లో చట్టం వచ్చింది. 2016 సెప్టెంబర్ 24న అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా దాన్ని ప్రారంభించాడు. పని మొదలుపెట్టిన నాటికి వాళ్ల దగ్గర చూపించటానికి వస్తువులంటూ ఏమీ లేవు. నగరాలకి వెళ్లి, నల్లజాతి కుటుంబాలు అటకల మీద, పెట్టెల్లో దాచుకున్నవాటిని బయటికి తెమ్మని అడిగారు. అట్లా అడగటంతోనే సేకరణ పెరిగింది. అణగారిన జాతులకి చరిత్ర లేదు, ఆధారాలు లేవు అని మనకి చెప్పే పండితులు ఈ సంగతి గమనించాలి. లేనిది ఆధారం కాదు, దాన్ని వచ్చి అడిగినవాళ్లు లేరంతే.

భవనం అమరికలోనే ఒక వాదన ఉంది. బానిసల వ్యాపారం నుంచి మొదలయ్యే చరిత్రంతా నేల కింది అంతస్తుల్లో ఉంటుంది. ఆటలు, పాటలు, సైన్యం, వ్యాపారం లాంటివి పై అంతస్తుల్లో ఉంటాయి. క్రీడల గ్యాలరీ మూడో అంతస్తులో ఉంది. మ్యూజియం వేసిన దారిలో నడిచేవాళ్లు ముందు సంకెళ్లు చూసి, ఆ తర్వాతే పతకాల దగ్గరకి వస్తారు. కార్ల్ లూయిస్ ఒలింపిక్ పతకాలు, మైకేల్ జోర్డాన్ జెర్సీ, 2012 లండన్ ఒలింపిక్స్‌లో గెలిచిన జిమ్నాస్ట్ గాబీ డగ్లస్ దుస్తులు అక్కడున్నాయి. వాటిని విడిగా చూస్తే విజయగాథలు. కింద నుంచి ఎక్కి వచ్చి చూస్తే, ఏ నేల మీద నుంచి వాళ్లు లేచారో కూడా కనపడుతుంది. మహమ్మద్ అలీ సాధనలో తలకి తొడుక్కున్న తోలుకవచం ఉంది. అది వట్టి బాక్సింగ్ సామాను కాదు. 1967లో వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు ఆయన టైటిల్ లాక్కున్నారు, లైసెన్సు తీసేశారు. శిక్షని సుప్రీంకోర్టు కొట్టేసేసరికి 1971 వచ్చింది. ఒక బాక్సర్ వయసులో అన్నేళ్లు పోవటమంటే ఏమిటో ఆట తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మూడు మెట్ల పీట మీద ముగ్గురు

ఈ గ్యాలరీలో అందరూ ఆగే చోటు ఒక శిల్పం. 1968 అక్టోబర్ 16న మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాలిచ్చిన దృశ్యం అది. మొదట వచ్చిన టామీ స్మిత్ 19.83 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆస్ట్రేలియాకి చెందిన తెల్లవాడు పీటర్ నార్మన్ రెండోవాడు, జాన్ కార్లోస్ మూడోవాడు. జాతీయగీతం వస్తుండగా స్మిత్ కుడిచేతికి, కార్లోస్ ఎడంచేతికి నల్ల గ్లవ్ తొడుక్కుని పిడికిలెత్తారు.

ఆ ఫోటో మనలో చాలామంది చూసిందే. కానీ పిడికిలి దగ్గరే చూపు ఆపితే సగమే చదివినట్టు. వాళ్ల కాళ్లకి బూట్లు లేవు, నల్లమేజోళ్లే ఉన్నాయి. అది నల్లవాళ్ల పేదరికానికి గుర్తు. కార్లోస్ మెడలో పూసలు చెట్లకి ఉరితీసి చంపబడ్డ నల్లవాళ్ల జ్ఞాపకం. ఆయన కోటు ముందుభాగం తెరిచి ఉంచింది కూలిచేసుకునే జనం కోసం. ముగ్గురి ఛాతీ మీదా మానవహక్కుల కోసం ఆటగాళ్లు పెట్టుకున్న ఉద్యమం బ్యాడ్జి ఉంది. అంటే నార్మన్ ఛాతీ మీద కూడా. ఇద్దర్నీ ఒలింపిక్ గ్రామం నుంచి పంపించేశారు, సొంతదేశంలో ఏళ్ల తరబడి బెదిరింపులు పడ్డారు. నార్మన్‌ని ఆస్ట్రేలియా 1972 ఒలింపిక్స్‌కి పంపలేదు. 2006లో ఆయన చనిపోతే స్మిత్, కార్లోస్ వెళ్లి పాడె మోశారు. ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది 2012లో, మనిషి పోయిన ఆరేళ్లకి.

ఈ దృశ్యానికి ఇంకో శిల్పం కూడా ఉంది. స్మిత్, కార్లోస్ చదివిన శాన్‌హోసే విశ్వవిద్యాలయంలో 2005లో పెట్టారు. అందులో రెండోస్థానం మెట్టు ఖాళీగా ఉంటుంది. నార్మన్ అడిగిందే అది, చూడటానికొచ్చినవాళ్లు అక్కడ నిలబడాలని. వాషింగ్టన్‌లో మాత్రం ముగ్గుర్నీ నిలబెట్టారు. ఒకటి, అణిచివేత మీద తిరగబడ్డవాళ్ల పక్కన నువ్వు నిలబడతావా అని అడుగుతుంది. రెండోది, అట్లా నిలబడ్డవాడు ఒకడున్నాడని, దానికి మూల్యం కట్టాడని సాక్ష్యం చెప్తుంది. సంఘటన ఒకటే అయినా ఎట్లా నిలబెడతామన్న దాన్నిబట్టి అర్థం మారుతుంది. మ్యూజియం తటస్థంగా ఉంటుందనే భ్రమ ఇక్కడ పోతుంది.

స్కోరు పుస్తకం ఎవరిది?

వివక్ష అంటే మొదట్నుంచీ బయటే ఉంచటం అని మనం అనుకుంటాం. ఆటల చరిత్రలో అంతకంటే క్రూరమైన పద్ధతి కనపడుతుంది. లోపల ఉన్నవాళ్లని బయటికి నెట్టి, వాళ్లు ఎప్పుడూ లేనట్టే రాసుకోవటం. 1875లో మొదటి కెంటకీ డెర్బీ గుర్రపు పందెంలో 15 మంది స్వారీ చేస్తే అందులో 13 మంది నల్లవాళ్లే, గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా. లాయంలో పనిచేసి గుర్రాన్ని ఎరిగినవాళ్లు వాళ్లే గదా. పందేల్లో డబ్బూ పేరూ పెరిగాక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వాళ్లని అక్కణ్ణుంచి తరిమేశారు.

బేస్‌బాల్‌లోనూ అంతే. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లవాడు పెద్ద లీగులో ఆడాడు. ఆ తర్వాత తలుపులు మూశారు. ఏ చట్టమూ చెయ్యలేదు, యజమానులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. రాతలో లేని ఈ కట్టుబాటు అరవయ్యేళ్ల పైన నడిచింది. రాసుకోని కట్టుబాట్లు ఎంత గట్టిగా నడుస్తాయో మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకి వివరించనక్కర్లేదు. నల్లవాళ్లు ఊరుకోలేదు. 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వంలో కాన్సస్ సిటీలో తమ సొంత లీగు పెట్టుకున్నారు. ఆనాటి మాటలో అవి నీగ్రో లీగులు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున దిగటంతో పాత కట్టుబాటు తెగింది.

అయినా రికార్డుల పుస్తకంలో కట్టుబాటు తెగలేదు. నీగ్రో లీగుల్లో కొట్టిన పరుగులు పెద్ద లీగు లెక్కలో చేరలేదు. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు లీగుల్ని పెద్ద లీగులుగా గుర్తిస్తున్నట్టు 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. 2024 మేలో ఆ అంకెల్ని అసలు పుస్తకంలో కలిపారు. అప్పుడేమైంది? దశాబ్దాలుగా బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ (.367) కిందికి దిగాడు, నల్లవాడు జాష్ గిబ్సన్ (.372) పైకొచ్చాడు. గిబ్సన్ 1947లోనే, రాబిన్సన్ దిగటానికి మూడునెలల ముందు చనిపోయాడు.

ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. ప్రతిభని కొలిచే అంకె కూడా ఎవర్ని కొలిచారన్న దాని మీద ఆధారపడుతుంది. మెరిట్ అనే మాట మన మీద ఎత్తినప్పుడల్లా ఈ పుస్తకాన్ని గుర్తుపెట్టుకోవాలి. రెండోది, ఆ అంకెలు దొరికింది పాత పేపర్లలో, అందులో నల్లవాళ్లు నడుపుకున్న పేపర్లు చాలా ఉన్నాయి. సొంత పత్రిక లేకపోతే సొంత రికార్డు కూడా లేదు.

గెలుపు దేశానికి, అవమానం ఇంటికి

1936 బెర్లిన్‌లో, హిట్లర్ కళ్లముందు, జెస్సీ ఓవెన్స్ నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. అమెరికా దాన్ని తన ప్రజాస్వామ్యం గెలుపుగా చెప్పుకుంది. ఓవెన్స్ బానిసల మనవడు, అలబామాలో పాలుకి సాగుచేసుకునే రైతు కొడుకు. తిరిగొచ్చాక బతకటానికి గుర్రాలతో పందెం పరిగెత్తాల్సొచ్చింది. 1960 రోమ్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన విల్మా రుడాల్ఫ్ సొంతూరు క్లార్క్స్‌విల్‌లో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ అన్నీ వేరువేరు. ఊరేగింపు అందరికీ కలిపి చేస్తేనే వస్తానని ఆమె పట్టుబట్టింది. ఆ ఊళ్లో రెండు జాతులూ కలిసి జరుపుకున్న మొదటి సభ అదే. ఆమె తన పతకంతో చేసిన రాజకీయం ఇది.

మైదానం లోపల గీతలు చెరిపేస్తారు, ఎందుకంటే గెలుపు అవసరం. మైదానం దాటగానే గీతలు మళ్లీ గీస్తారు. పతకాన్ని ఒక్కదాన్నే చూపించే మ్యూజియం మొదటి సగమే చెప్పినట్టు.

ఈ గ్యాలరీ చెప్పలేనిది

పొగడ్తతో సరిపెట్టకూడదు. ఈ క్రీడల హాలుకి మైకేల్ జోర్డాన్ పేరుంది. ఆయన 2016లో 50 లక్షల డాలర్లిచ్చాడు. కోట్లు సంపాదించిన కొద్దిమంది ఆటగాళ్ల కథ, మిగతా జనం ఎందుకు పైకి రాలేదన్న ప్రశ్నని కప్పెయ్యగలదు. కలుపుకోవటానికి కూడా ఒక ఖరీదుంది. 1947 తర్వాత పెద్ద లీగు నల్ల ఆటగాళ్లని తీసుకుంది గానీ, నల్లవాళ్ల జట్లని, మేనేజర్లని, యజమానుల్ని తీసుకోలేదు. వాళ్ల లీగులు ఎండిపోయాయి. పెద్ద లీగులో మొదటి నల్ల మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్ రావటానికి 1975 దాకా పట్టింది. మనిషిని తీసుకుని సంస్థని చంపటం అనే ఈ పద్ధతి గురించి దళిత ఉద్యమాలు గట్టిగా ఆలోచించాలి.

మ్యూజియం తెరిచే ముందు నెలలోనే, 2016 ఆగస్టులో, ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ పోలీసుల హింసకి నిరసనగా జాతీయగీతం వేళ నిలబడనన్నాడు. ఆ సీజన్ తర్వాత ఆయన్ని ఏ జట్టూ ఆడించలేదు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు స్మిత్సోనియన్ మ్యూజియాల్లో జాతి కేంద్రంగా విభజించే భావజాలం చేరిందని ఆరోపిస్తూ ఈ మ్యూజియాన్ని పేరుపెట్టి ఎత్తింది. గాజుపెట్టెలోకి చేరినంత మాత్రాన జ్ఞాపకం భద్రం కాదు. దాన్ని ప్రతి తరమూ కాపాడుకోవాల్సిందే.

మన దగ్గర: పల్వంకర్ బాలూ

ఈ చూపుతో మనవైపు తిరిగితే మొదట కనపడే మనిషి పల్వంకర్ బాలూ. చమార కులస్థుడు. 1870ల మధ్యలో ధార్వాడ్‌లో పుట్టి పూనాలో పెరిగాడు. యూరోపియన్ల పూనా క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతం మీద పిచ్ చదునుచెయ్యటం, వలలు కట్టటం ఆయన పని. దొరలు బ్యాటింగ్ సాధన చేస్తుంటే గంటలకొద్దీ బంతులేసేవాడు. అట్లా గొప్ప ఎడంచేతి బౌలరయ్యాడు. బ్యాటు మాత్రం దొరలదే.

పూనా హిందూ జట్టుకి దొరల మీద గెలవాలంటే బాలూ కావాలి. తీసుకోవాలా వద్దా అని జట్టు చీలిపోయింది. రామచంద్ర గుహ 2002లో అచ్చయిన తన క్రికెట్ చరిత్రలో రాసినదాని ప్రకారం, అందులో ఉన్న కొందరు తెలుగువాళ్లు తీసుకుందామన్నారు, స్థానిక బ్రాహ్మణులు ఇష్టపడలేదు. చివరికి తీసుకున్నారు. మైదానంలో ఆయన తాకిన బంతినే అందరూ తాకారు. టీ విరామంలో మిగతావాళ్లు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగుతుంటే, బాలూకి బయట, తాగి పారేసే మట్టిముంతలో పోశారు. అన్నం దగ్గర వేరే బల్ల, వేరే పళ్లెం. రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో హోటళ్లకే పరిమితం అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. భారత క్రికెట్ పుట్టినచోటే అది ఉంది.

1906లో బొంబాయిలో హిందూ జట్టు యూరోపియన్లని ఓడించింది, వికెట్లు తీసింది బాలూ. 1911లో ఇంగ్లండు పర్యటనలో ఆయన 114 వికెట్లు తీశాడు. కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. 1920లో జట్టులోంచే తీసేస్తే తమ్ముళ్లు విఠల్, శివరామ్ నిరసనగా తప్పుకున్నారు. 1923లో విఠల్ కెప్టెనయ్యాడు. ఆ పోటీల్లో జట్లు మతాలవారీగా ఉండేవి. హిందువుల లెక్కలోకి, గెలుపులోకి బాలూ కావాలి. హిందువుల టీకప్పు దగ్గరకి మాత్రం వద్దు. 1932లో పూనా ఒడంబడిక చుట్టూ నడిచిన వాదమంతా ఈ మైదానంలో ముందే జరిగింది.

బాలూని దేవుణ్ణి చెయ్యాల్సిన పనీ లేదు. పూనా ఒడంబడిక మీద ఆయనా సంతకం పెట్టాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ని తెచ్చి అంబేడ్కర్ మీద నిలబెట్టింది. అంబేడ్కర్‌కి 13,245 ఓట్లు, బాలూకి 11,225. దళితుడి కీర్తిని దళిత రాజకీయం మీదికే ఎట్లా తిప్పుతారో చూపించటానికి కూడా ఈ కథ ఒక ప్రదర్శనలో ఉండాలి.

ఆ బంతి ఎవరు కుట్టారు?

ఇంకో వస్తువు ఉంది, బంతి. లోపల బెండు, చుట్టూ దారం, పైన పదునుచేసిన తోలు, మధ్యన కుట్టు. 1947 తర్వాత సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన ఆట వస్తువుల పరిశ్రమ జలంధర్, మీరట్‌లలో నిలదొక్కుకుంది. అక్కడ తోలు పని ఎక్కువగా దళిత కులాలదే. తోలు ముట్టినవాడు అంటరానివాడు, ఆ తోలు బంతైతే అందరికీ ముద్దు. మ్యూజియంలో బంతి కింద వికెట్లు తీసినవాడి పేరుంటుంది. కుట్టినవాడి పేరు, కనీసం ఊరి పేరు, కూలి లెక్క ఎందుకుండకూడదు? ఆట చరిత్రని శ్రమ చరిత్రతో కలపగలిగే తాళంచెవి ఈ చిన్న వస్తువు.

ఇది పాత కథ అనుకోవటానికీ వీల్లేదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళా హాకీ క్రీడాకారిణి అయింది వందనా కటారియా. ఆగస్టు 4న సెమీఫైనల్లో జట్టు ఓడిపోగానే హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులెక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం పోలీసులకి ఫిర్యాదు చేసింది. గెలిస్తే దేశం, ఓడితే కులం.

పిల్లలతో, పెద్దలతో చెయ్యగలిగిన పని

వాషింగ్టన్ లాంటి భవనం మనకి లేదు. కానీ ఆ పద్ధతి మనం వాడుకోవచ్చు. నల్లజాతి కాలేజీలు విల్మా రుడాల్ఫ్ లాంటివాళ్లని తయారుచేసినట్టే, మన సాంఘిక సంక్షేమ గురుకులాలు 2014 మే 25న మాలావత్ పూర్ణని, ఆనంద్ కుమార్‌ని ఎవరెస్టు ఎక్కించాయి. ఒకరు లంబాడా పిల్ల, ఒకరు దళిత పిల్లవాడు. ఇట్లాంటి సంస్థల రికార్డులే మన స్కోరు పుస్తకాలు. ఏప్రిల్ 14న వాడల్లో పెట్టుకునే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీల కరపత్రాలు, ఫోటోలు, షీల్డులు కూడా అంతే.

టీచర్లు, విద్యార్థులు తమ ఊళ్లో నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవచ్చు. ఆట స్థలం ఎవరి భూమి, అక్కడికి వాడ పిల్లల్ని ఎప్పట్నుంచి రానిచ్చారు? జట్టులో ఎవరు ఆడారు, కెప్టెన్ ఎవరయ్యారు? నీళ్లు ఎక్కడ తాగారు, భోజనం ఎక్కడ చేశారు? మైదానం చదునుచేసింది, బంతి కుట్టింది, డప్పు కొట్టి జనాన్ని పిలిచింది ఎవరు? జవాబులు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆడపిల్లల్ని అడగటం మరిచిపోకూడదు, ఆట మానేసిన వయసు, మాన్పించిన కారణం అన్నీ చరిత్రే. దొరికిన ఫోటోకి, సర్టిఫికెట్‌కి తేదీ, పేర్లు రాసి, బళ్లో ఒక గదిలోనో అంబేడ్కర్ భవన్‌లోనో గోడకి పెడితే అదే ప్రదర్శన.

అట్లా పెట్టినప్పుడు పతకం పక్కన ఒక మట్టిముంత కూడా పెట్టాలని మేం కోరుతున్నాం. పతకం మనవాళ్లు ఏం సాధించారో చెప్తుంది. ముంత వాళ్లు దేన్ని దాటుకుని సాధించారో చెప్తుంది. రెండూ ఒకే బల్ల మీద ఉన్నప్పుడే ఆటలో కులం లేదన్న మాటని పిల్లలు ప్రశ్నించటం నేర్చుకుంటారు.